మూడు ఉడుకుల మందు

హైదరాబాదు, మలక్‌పేట
1947 నవంబరు 20

అక్కా,

నువ్వు పంపిన నాచు సంచి అందింది. ఖాసీం బండి మీద గడ్డి కింద దాచి తెచ్చిండు. మూతి విప్పంగనే దవాఖానలో మేం మందులు కలిపే గదంతా మన చెరువు వాసన. నాతోటి కంపౌండర్లు ముక్కులు మూసుకున్నరు. నేను మాత్రం ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తిన్న.

మా డాక్టరు సాబ్ ఆ నాచును ఎండబెట్టి, స్పిరిటులో నానబెట్టి, వడగట్టించిండు. కుందేలు కాళ్లకు సూది పొడిచి వాపు తెప్పించి, ఒక కాలికి నాచు రసం, ఇంకో కాలికి ఒట్టి నీళ్లు పూయించిండు. నాలుగు రోజులకు నాచు పూసిన కాలి వాపు సగం దిగింది. వావిలాకు రసం కలిపితే ఇంకా దిగింది. ఆయన విలాయతులో చదువుకొన్న మనిషి. "ఏండ్ల తరబడి పీడించే కీళ్లవాపుకు మా పుస్తకాలలో మంచి మందు లేదు సంజీవా, మీ చెరువు రాళ్ల మీద ఉన్నదేమో చూద్దాం" అన్నడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది, చొక్కా గుండీ తెగలేదు, అంతే.

కాని ఆయనకు ఒక అనుమానం. ఈ రెండూ వాపును దించుతయి గాని, పదేండ్లుగా బిగుసుకున్న మోకాలును లేపి నడిపించవు, మూడోది ఏదో ఉండాలె అంటడు. ఉన్నదని నాకు తెలుసు. నువ్వు కలిపే ఆ నల్లటి నూనె. ఏందో మాత్రం తెల్వదు. బాపు మనిద్దరికీ ఒకే పలక మీద అక్షరాలు దిద్దించి, మందు మాత్రం నీ చేతిలోనే పెట్టిపోయిండు. నాకు నోరు ఆగదని కద. ఇప్పుడు ముప్పై దాటినయి, జర ఆగుతది. చెప్పు.

బావ ఎట్లున్నడు? కింది మళ్ల వరి ఎండుతుంటే బాల్‌రెడ్డి దొర తూము మూయించి నీళ్లన్నీ తన తోటకు మలుపుకుంటున్నడట. బావ ఆ సంగతి అడిగేటందుకు గడికి పోత అంటున్నడని ఖాసీం చెప్పిండు. నిమ్మళంగ ఉండమను. ఒక ఉత్తరం రాయమను, ఆ వంకర రాత చూసి నాలుగు నెలలయింది.

ఉత్తరం టప్పాలో వేయకు, గడిలో విప్పి చదువుతరు. ఖాసీంకే ఇయ్యి.

నీ తమ్ముడు
సంజీవ


ఇబ్రహీంపట్నం
కార్తీక బహుళ దశమి

తమ్ముడు సంజీవకు,

ఇంకో రెండు సంచులు పంపుతున్న. ఇది తూము దగ్గర, పారే నీళ్ల కింద రాళ్లకు పట్టిన నాచు. నిలువ నీళ్లది పనికిరాదు, దురద పెడతది. ఎండలో కాదు, నీడలో ఆరబెట్టమను మీ డాక్టరును.

మూడోది చెప్ప. తెలిసినోని చేతిలో ఉంటేనే అది మందు. బాపు నాకు చెప్పేముందు రెండు మాటలకు ఒప్పించుకున్నడు. ఎవ్వరికి పెట్టే మందైనా ముందు నా మోచేతి కింద పూసుకొని మూడు పొద్దులు చూడాలె. మిగిలిన మందు పారబోయొద్దు, నొప్పి ఉన్న ఇంకో మనిషికి పోవాలె. ఊరంతా తెలిసినదే. నా ముంత ఒక ఇంటికి పోతే, వాళ్ల పని తీరినంక వాళ్లే అవతలి ఇంటికి అందిస్తరు. నన్ను అడగను కూడ అడగరు.

ఖాసీం తల్లి వజీర్ బీ పెద్దమ్మ మొన్న చెరువు కట్ట దాక నడిచొచ్చింది. రెండేండ్ల సంది మంచం దిగని మనిషి. నా గదువ పట్టుకొని, "బేటీ, నువ్వు ఒట్టి మట్టి పూసినా నాకు తగ్గుతది" అన్నది.

బావ సంగతి అడిగినవ్. చేతినిండ పని. రాసేటందుకు కుదరదు.

ఈ నెల ఊరికి రాకు, దారులు మంచిగ లేవు. వచ్చే నెల కూడ రాకు.

వజ్రమ్మ


హైదరాబాదు
1947 డిసెంబరు 18

అక్కా,

నిన్న ఖాసీంకు చాయ్ పోయించి, "బావ మీద అలిగిన అని చెప్పు, ఒక్కసారి నీ బండెక్కి రమ్మను" అన్న. వాడు చాయ్ కింద పెట్టి తల దించుకున్నడు. నాకు అప్పుడే తెలిసిపోయింది.

బావ పోయి ఇరవై నాలుగు రోజులట. "చేతినిండ పని" అని నువ్వు రాసిన నాటికి పదమూడు రోజులు. ఏ చెయ్యి అక్కా? ఎట్ల రాసినవ్ ఆ మాట? నాచు నీడలో ఆరబెట్టమని ఎట్ల రాయబుద్ధి అయింది నీకు?

తూము దగ్గర కొట్టి చంపిన్రు అన్నడు ఖాసీం. అంతకంటే చెప్పలే. ఎంత గుంజినా, "అక్కను అడుగు" అన్నదొక్కటే మాట. నేను వాణ్ణి గోడకు అదిమి గొంతు పట్టుకున్న. వాడు చెయ్యి కూడ అడ్డం పెట్టలేదు.

ఇయ్యాల పొద్దున బేగంబజార్లో కత్తి కొన్న. సంక్రాంతికి వస్త. గడి గుమ్మం దాటంగనే నన్ను కాలుస్తరో నరుకుతరో నాకు ఫికర్ లేదు, అంతకుముందు దొర గొంతు ఒక్కటి నా చేతికి అందితే చాలు. ఆపకు.

సంజీవ


ఇబ్రహీంపట్నం
మార్గశిర బహుళ విదియ

సంజీవా,

రాకు. ఈ మాట ముందుగాల రాసి మిగిలింది రాస్తున్న.

అబద్ధం రాసిన, నిజమే. అమ్మ పోయినంక నిన్ను చంకనేసుకొని పెంచింది నేను. మొగుడు పోయిండు, నిన్ను కూడ ఆ రాళ్ల మీద చూడలేక రాసిన. మళ్ల అవసరమైతే మళ్ల రాస్త.

అడిగినవ్ గనుక చెప్త. ఒక్కసారే చెప్త, తిరిగి అడగకు.

వరి పొట్ట మీద ఉన్నది. ఇంకొక్క తడి పారితే గింజ పట్టేది. మీ బావ తెల్లారంగనే గడ్డపార పట్టుకొని పోయి తానే తూము లేపిండు. కింది మళ్లోళ్లం పదకొండు ఇండ్లవాళ్లం మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి నవ్వుకున్నం. మిట్ట మధ్యాహ్నం దాక పారినయి. అప్పుడు గడి మనుషులు నలుగురు వచ్చిన్రు. ఆయన చేతులను తూము ఇనుప కడ్డీకి కట్టిన్రు. దొరకు మోకాళ్లు వాచి ఉన్నయి గద, కట్ట మీద కుర్చీ వేయించుకొని, కాళ్లు పీట మీద పెట్టుకొని కూర్చున్నడు. "నీళ్లు ఎంతసేపు పారినయో గంతసేపు కొట్టున్రి" అన్నడు.

తెల్లారి నుంచి మధ్యాహ్నం దాక పారిన నీళ్లకు, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాక దెబ్బలు. చెర్నాకోల తెగితే కట్టె పట్టిన్రు. నన్ను ఒకడు జుట్టు పట్టి అదిమి కూర్చోబెట్టిండు. మొదట ఆయన నన్ను పిలిచిండు. తర్వాత నీళ్లు అడిగిండు. తర్వాత ఏం అడగలే. ప్రాణం పోయినంక కూడ కొట్టిన్రు సంజీవా, దొర చెప్పిన పొద్దు ఇంకా కాలేదని.

కడ్డీ నుంచి విప్పి కాలువలోకి దొబ్బిన్రు. ఆయన తెరిచిన నీళ్లలోనే కొట్టుకొచ్చి మన మడి గట్టుకు ఆగిండు.

నీకు పంపిన రెండు సంచుల నాచు ఆ రాళ్ల మీదిదే. కడిగి పంపిన.

మీ బావ మల్లేశయ్య కోసం ఎవరొచ్చినా గదే కడ్డీకి కడ్తనని దొర చాటింపు వేయించిండు. గడిలో రజాకార్లు దిగిన్రు, ముప్పై తుపాకులు ఉన్నయి. నీ కత్తి దేనికి పనికొస్తది?

ఇంకోటి. నిన్న గడి మనిషి నా ఇంటికొచ్చి, "దొరకు మోకాళ్లు బిగుసుకున్నయ్, నీ మందు తేవాలె" అన్నడు. జుట్టు పట్టిన ఆ చెయ్యి వానిదే. నాచు లేదని చెప్పిన. ఈసారికి పోయిండు.

అక్క


హైదరాబాదు
1948 జనవరి 20

అక్కా,

నీ ఉత్తరం అందిన తర్వాత మూడు వారాలు నాకు ఏం రాయరాలేదు. రాలేదు నేను, చూసినవ్ గద. కత్తిని మందుల అలమారాలో సీసాల వెనక పెట్టిన.

మూడోది ఏందో తెలిసింది. చిన్నప్పుడు నా మోచేయి వాచినప్పుడు బాపు కట్టిన పాత గుడ్డపట్టు నా పెట్టెలో ఉన్నది, ఎందుకు దాచుకున్ననో నాకే తెల్వదు. దాన్ని డాక్టరు సాబ్‌కు ఇచ్చిన. ఆయన దాన్ని స్పిరిటులో పిండి, వేలు మీద ఒక చుక్క వేసుకొని చూసిండు. నల్లజీడి. చాకలోళ్లు బట్టల మీద గుర్తు పెట్టే గింజ. పాలల్లో ఉడికించి శుద్ధి చేస్తే కీళ్లకు దానంత మంచి మందు లేదట, పచ్చిది తగిలితే తోలును కాలుస్తదట. పచ్చి నూనెను ఒక కుందేలు మోకాలికి పూసి చూసిండు. పుండు లోపలికి దిగి కీలు కరుచుకుపోయింది. ఆ కుందేలు మళ్ల నడవలే.

ఇప్పుడు నేను చెప్పేది చల్లగ ఆలోచించి చెప్తున్న. మూడు ఉడుకులని నువ్వూ బాపూ అనుకోంగ విన్న. ఉడికించకు. అసలే ఉడికించకు. రంగు మారదు, వాసన మారదు. పొక్కులు రెండో పొద్దు దాటితే గాని లేవవు. నీ ఇంటికొచ్చి వాడే అడుగుతున్నడు గద, ఇయ్యి. మోకాలుకు బొటనవేలు మందం పూయి, గుడ్డ చుట్టు, కదలొద్దని చెప్పు. అడిగినోళ్లకు ఒంటి వేడి అని చెప్పొచ్చు.

ముప్పై తుపాకుల నడుమకు నేను రాలేను. నీ చెయ్యి మాత్రం లోపలికి పోతది. వాడే పిలుచుకుంటడు.

బావ మీద నీకున్నది నిజమైతే చెయ్యి.

సంజీవ


ఇబ్రహీంపట్నం
పుష్య బహుళ పంచమి

సంజీవా,

నీ ఉత్తరం పొయ్యిలో వేసిన. ఎదురుగ ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఆయన మీద నాకున్నది నిజమో కాదో నువ్వు తూకం వేస్తవా?

బాపు చేతి మందుతో ఇన్నేండ్లలో ఒక్క మనిషికి పొక్కలే. ఊర్లో ఎవరు కాలు చాపినా ఇదేం మందని అడగరు, వజ్రమ్మ ముంతనా అని అడుగుతరు, అంతే. ఆ నమ్మకం తప్ప నా దగ్గర ఇప్పుడు ఏముంది? మందని చెప్పి విషం పెడితే దొరకూ నాకూ తేడా లేదు. మళ్ల ఆ మాట రాయకు.

ఇంతవరకు రాసి కాగితం మడిచి పెట్టిన. నాలుగు రోజుల తర్వాత ఇది రాస్తున్న.

నన్ను గడికి పట్టుకపోయిన్రు. మందు తయారయ్యే దాక వావిలాకు నీళ్లతో కాపడం పెట్టమన్నడు దొర. ఆయన మోకాళ్లు ఎర్రగ ఉబ్బి ఉన్నయి, ముట్టుకుంటే కండ్లల్లో నీళ్లు తిరుగుతున్నయి. నొప్పి నిజమైన నొప్పే. నా చేతులు వాటంతట అవే పట్టినయి, ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కినయి. నాకు నా చేతుల మీద అసహ్యం పుట్టింది.

కొంచెం నెమ్మది కాంగనే దొర కండ్లు మూసుకొని, "నీ మొగుడు గట్టోడే. గంతసేపు ఉంటడనుకోలే" అన్నడు. నేను గుడ్డ పిండి మళ్ల పెట్టిన. "నీళ్ల మీద నిలబడి నీళ్లు అడిగిండు సూడు" అని నవ్విండు. పక్కన కూర్చున్న రజాకార్లకు అదే మాట ఉర్దూలో చెప్పిండు. వాళ్లూ నవ్విన్రు. నేను ఆయన మోకాలు పట్టుకొనే ఉన్న.

పదిహేను రోజులల్లో మందు కావాలన్నడు. లేకుంటే కింది మళ్లోళ్ల గుడిసెలు ఒక్కటీ ఉండవన్నడు. ఉత్తగ అంటలేడు, యాచారం దారిలో కాలిన గుడిసెల పొగ రెండు రోజులు మా ఇంటి ముందుకొచ్చింది.

నీ ఉత్తరం కాల్చిన. అందులో రాసింది నా తలలోంచి పోతలేదు. నిన్ను తిట్టేటందుకు మొదలుపెట్టిన ఉత్తరం ఇది, ఎట్ల ముగించాలో తెలుస్తలేదు.

అక్క


ఇబ్రహీంపట్నం
మాఘ శుద్ధ ఏకాదశి

సంజీవా,

చేసిన.

జీడిగింజల ముచ్చికలు కోసి, దంచి, నూనె తీసిన. వావిలాకు రసం పోసిన, నాచు నూరి కలిపిన. పాల కుండ పొయ్యి మీదికి ఎక్కనే లేదు. ముంత పట్టుకొని గడికి పోయిన.

దొర మంచం మీద ఉన్నడు. "ముందుగాల నీ చేతికి పూసుకో" అన్నడు. అందరి ముందర మోచేతి కింద పూసుకున్న. "మూడు పొద్దులు ఆగాలె దొరా" అని నేనే చెప్పిన. గట్టిగ, అందరికీ వినపడేటట్టు చెప్పిన. ఆగితే ఆయన బతుకుతడు, నేను కడ్డీకి పోత. అంతవరకు దేవునికి వదిలేసిన అనుకో. ఆయన ఆగలే. "మూడు పొద్దులు నేను ఈ నొప్పితోని సావాల్నా" అని, సాయంత్రం దాక నా చెయ్యి చూసి, ఏం లేదని, రెండు మోకాళ్లకు రెండు మణికట్లకు మందం పట్టు వేయించుకున్నడు. నా చేత్తోనే వేసిన. వెచ్చగ హాయిగ ఉందన్నడు. ఇంటికి రాంగనే నేను నా చెయ్యి కడిగి, వెన్నలో నువ్వులు నూరి పూసుకున్న. నాలుగు చుక్కలు లేచినయి, అంతే.

మరునాడంతా దొర నిమ్మళంగ ఉన్నడట. నాకు బియ్యం పంపుతనన్నడట.

ఇయ్యాల మూడో పొద్దు. తెల్లారంగ తూము దగ్గరికి పోతే గడిలోంచి అరుపు వినపడ్డది. ఎడ్లను వాత పెట్టేటప్పుడు కూడ అట్ల అరవవు. గడి ఊడిచే జంగమ్మ చెప్పింది, పట్టు విప్పితే తోలు గుడ్డతోని ఊడొచ్చిందట. మణికట్లు నీళ్ల తిత్తుల తీరు ఉబ్బినయట. నలుగురు పట్టుకున్నా ఆగుతలేడట. ఆ నలుగురే.

నేను కడ్డీ పక్కన కూర్చొని పొద్దెక్కే దాక విన్న. సంతోషమయింది. నీ దగ్గర దాచను, కడుపునిండ సంతోషమయింది. ఎన్నాళ్లకో ఇంటికొచ్చి అన్నం వండుకొని తిన్న.

ఖాసీం రేపు పొద్దున్నే బండి కడ్తున్నడు. ఈ ఉత్తరం వానితో వస్తది.

అక్క


హైదరాబాదు
1948 ఫిబ్రవరి 23

అక్కా,

నీ ఉత్తరం ఆరుసార్లు చదివిన. ఒక్కన్నే మందుల గదిలో తలుపు వేసుకొని నవ్విన, ఏడ్చిన, ఏది ముందో గుర్తులేదు. బావకు ఇప్పుడు నీళ్లు ముట్టినయి అనుకుంటున్న. దొర ఇగ లేచి నిలబడడు. నిలబడితే అవి మోకాళ్లు కావు.

ఖాసీంను కౌగిలించుకొని మిఠాయి తినిపించిన. ఎందుకన్నా అంటే, అక్కకు ఒంట్లో బాగయిందట అన్న. పాపం, వాడు కూడ ఖుషీ పడ్డడు.

నేను మందులు కలిపేటోణ్ణి, అందుకే ఒకటి అడగకుండ ఉండలేను. మిగిలింది పారబోయించినవా? గడిలో ముంత అట్లనే ఉంటే ఎవరైనా ముట్టుకుంటరు. ఏదో ఒక సాకు చెప్పి తెప్పించి పూడ్చిపెట్టు.

సంజీవ


ఇబ్రహీంపట్నం
ఫాల్గుణ పున్నమి

సంజీవా,

నీ ఉత్తరం అందిన నాడు నేను విప్పలే. పది రోజుల తర్వాత విప్పిన. మిగిలింది ఏమయిందని అడిగినవ్.

ఖాసీం నా ఉత్తరంతో బండి తోలుకొని పోయినంక జంగమ్మ తూము దగ్గర కనపడ్డది. ముంత ఏదని అడిగిన. "రెండో నాడు దొరకు హాయిగున్నదన్నరు గదక్కా, సగం మిగిలిందని వజీరమ్మకు ఇచ్చొచ్చిన. పారబోయొద్దని నువ్వే అంటవ్ గద" అన్నది. నన్ను అడగలే. ఎవరడుగుతరు?

ఉరికిన. వజీర్ బీ పెద్దమ్మ మంచం మీద పైజామా మోకాళ్ల పైకి మడుచుకొని, పండ్లు గట్టిగ కరుచుకొని కూర్చున్నది. రెండు మోకాళ్లు నిండ పొక్కులు. నేను నువ్వులు, వెన్న నూరి పూస్తున్న. ఆమె నా మొకమే చూస్తున్నది.

"బేటీ, గిది తప్పయిందా, కావాలని చేసినవా?"

"చేసిన పెద్దమ్మా. నీ కోసం కాదు."

"మల్లేశు కోసమా?"

"అవ్."

ఆమె నా చేతిలోని వెన్న గిన్నె పక్కకు జరిపింది. "గట్లయితె నాకేం కాలే" అన్నది.

నాకు అర్థం కాలే. అంతలనే గడి మనుషులు నలుగురు వాకిట్లోకి వచ్చిన్రు. నా చెయ్యి గుంజి చూసిన్రు. నాలుగు చుక్కలే ఉండె. మిగిలిన మందు ఈ ముసలామె పూసుకుందని తెలిసే వచ్చిన్రు. "ఈమెకు పొక్కినయా సూపియ్యి. పొక్కితె మందులో విషం ఉన్నట్టే. నిన్ను ఇప్పుడే కడ్డీకి కడ్తం" అన్నడు జుట్టు పట్టినోడు.

పెద్దమ్మ పైజామా కిందికి లాక్కొని లేచింది. "పరాయి మొగోళ్లకు మోకాళ్లు సూపియ్యాల్నారా? నడిచి సూపిస్త, సూడున్రి" అన్నది. వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు పోయి వచ్చింది. వాళ్లు ఇంకా నిలబడే ఉన్నరు. నమాజుకు వేళయిందని, వాళ్ల ముందరనే చాప పరిచింది. నాలుగుసార్లు ఆ మోకాళ్లను నేలకు ఆనించింది, నాలుగుసార్లు లేచింది. మొకం మీద చెమట తప్ప ఇంకేం లేదు. నోట్లోంచి సప్పుడు రాలే. నేను అరవాల్సింది. విషం పెట్టింది నేనే, ఆమెను లేపున్రి అని అరవాల్సింది. నోరు తెరిచిన గాని ప్రాణం మీది తీపితో మళ్ల మూసుకున్న. అది రాస్తున్న, చదువు.

"ముసల్దానికి మంచిగనే ఉన్నది, దొర ఒంట్లనే వేడి ఉన్నది" అనుకుంట పోయిన్రు వాళ్లు. పట్నం నుంచి వచ్చిన హకీము కూడ అదే అన్నడట.

వాళ్లు పోయినంక ఆమె చాప మీదనే పక్కకు ఒరిగింది. బట్ట పుండ్లకు అతుక్కపోయింది, కత్తెరతో కోసి తీయాల్సి వచ్చింది. తోలు వచ్చింది, కండ కనపడ్డది. ఖాసీం వచ్చే నాటికి జ్వరం పట్టింది. పాత కీళ్లవాపు తిరగబెట్టిందని వానికి ఆమెనే చెప్పింది. వాడు నీ ఉత్తరం నా చేతికిచ్చి, "అన్న మస్తు ఖుషీ మీద ఉన్నడక్కా" అన్నడు.

నాకు తెలిసిన ఆకు లేదు, వేయని కట్టు లేదు. చీము ఆగలే. ముంత పూసుకున్న నాటి నుంచి పందొమ్మిదో రోజు పోయింది. పోయి పదిహేడు రోజులయింది. ఇన్నాళ్లు ఖాసీం బండి కట్టలే, అందుకే నీకు తెల్వదు.

దొర బతికే ఉన్నడు. లేవలేడు. కుర్చీ మీద మోసుకొచ్చి కట్ట మీద పెడుతున్నరు. తూము ఇంకా ఆయన లేపమంటేనే లేస్తది.

ఊరు నన్ను ఇంకా నమ్ముతున్నది. గడికి ఇచ్చిన మందు పడనిది దొర ఒంటికే అని, వజీరమ్మ అదే మందుతో నడిచి చూపించిందని, ముంతలు పట్టుకొని వస్తున్నరు. తలుపు తీయబుద్ధి అయితలేదు.

మూడోది అడిగినవ్ గద, ఇప్పుడు చెప్త. ముచ్చిక కోసిన గింజలను ఇటుకపొడిలో వేసి రుద్ది, వేడినీళ్లతో కడిగి, పాలు మార్చి మార్చి మూడుసార్లు ఉడికించాలె. మొదటి పాలు, రెండో పాలు, మూడో పాలు, మూడూ కుక్క కూడ ముట్టకుండ గుంత తీసి పూడ్చాలె. మీ డాక్టరుకు ఇయ్యి. ఎవరి కుందేలుకో, ఎవరి కాలుకో మంచి చెయ్యని. ఈ చెయ్యి మాత్రం ఇగ కలపదు.

నువ్వు ఉడికించకు అని రాసినవ్. నేను ఉడికించలే. నీకు దొర మొకం కనపడ్డది, నాకూ అదే కనపడ్డది. ఊర్లో వాచిన మోకాళ్లు ఇంకా ఉన్నయని ఇద్దరికీ యాదికి రాలే. మనం బాపు పిల్లలమే.

ఈ కాగితం మడవలేదు, అతికించలేదు. బాపు మన పక్కన కూర్చోబెట్టి ఖాసీంకు కూడ అక్షరాలు నేర్పిండు. వాని చేతికే విప్పి ఇస్తున్న. నీ దాక రాకపోతే అది వాని ఇష్టం. నేను వాకిట్లోనే కూర్చుంట.

వజ్రమ్మ


అదే కాగితం కింద, వేరే చేతి రాత

సంజీవా,

చదివిన. అక్క చేసిన సంగతి నాకు ముందే తెలుసు. పోయే ముందర నాడు అమ్మ చెప్పింది. అక్కను ఏమనొద్దని నా చెయ్యి తన తల మీద పెట్టుకొని ఒట్టు వేయించుకున్నది. అందుకే ఏమనలే. అమ్మ మాఫ్ చేసింది, నేను అమ్మను కాను. అయినా వాకిట్లో కూర్చున్న ఆమెను దాటుకొని బండి కట్టిన.

నాకు తెల్వనిది ఇందులో ఒక్కటే ఉన్నది. ఉడికించకు అని నువ్వు రాసిన ఉత్తరం. అది నేను తెస్తుంటే తుర్కయాంజాల్ దగ్గర రజాకార్లు బండి ఆపి, ఎవరి కాగితాలు మోస్తున్నవురా అని వీపు మీద తోలు లేసిపోయేటట్టు కొట్టిన్రు. గడ్డి మీద పండుకొని, కాగితాలేం లేవన్న. మీకెవ్వరికీ చెప్పలే. తడవకుండ, నలగకుండ తెచ్చి అక్క చేతికిచ్చిన.

అమ్మ సావును ఊర్లోకి తెచ్చింది నేనే.

ఇది ఆఖరి ఉత్తరం. ఇగ మీ ఇంటి కాగితం నేను మొయ్య.

ఖాసీం